డబ్బు ఇంట్లో, సంతకం ఆఫీసులో

దస్తావేజు రాసే ఆయన నాతో "మీకు అర్థం కాదులెండి" అని మూడుసార్లు అన్నాడు. నేను లెక్కపెట్టాను. మొదటిసారి నవ్వుతూ అన్నాడు, రెండోసారి విసుక్కుంటూ అన్నాడు, మూడోసారి నా ముఖం కూడా చూడకుండా అన్నాడు. ముప్పై నాలుగేళ్ళు నర్సుగా పనిచేశాను. డాక్టర్ల చేతిరాత చదివి మందులిచ్చినదాన్ని. నాకు అర్థం కానిదేమిటో ఆయన ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పి ఉంటే, ఇల్లు కొన్న ఆ మూడు నెలలు నేను అంత భయపడి ఉండేదాన్ని కాదు.

చోడవరంలో పద్దెనిమిదేళ్ళు ఒకే ఇంట్లో అద్దెకున్నాను. ఆ ఇల్లుగలావిడ ఒక వేసవిలో డాబా మీద నేను బట్టలు ఆరేసుకునే తాడు కోసేసింది, నీళ్ళు కారి గోడ పాడవుతోందని. ఆ తాడు ముక్క ఇప్పటికీ నా దగ్గరుంది. నేను రిటైరైన నెలలోనే ఖాళీ చేయమంది. పెళ్ళి చేసుకోలేదు నేను. దానికి కారకులైనవాళ్ళ సంగతి ఇక్కడ రాయను. చెప్పొచ్చేదేమిటంటే, రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు, అంతకుముందు దాచుకున్నది కలిపి బ్యాంకులో ఉంది, అది తప్ప నాకు వెనక ఏమీ లేదు. పెన్షన్ తిండికీ మందులకీ సరిపోతుంది. ఆ డబ్బు ఒకసారి పోతే మళ్ళీ రాదు.

ఇల్లు దొరికింది. బుచ్చయ్యపేట వెళ్ళే రోడ్డుకు వెనక సందులో రెండు గదులు, వంటిల్లు, మొత్తం నూరు గజాలు. బెల్లం వ్యాపారి ఒకాయన అమ్ముతున్నాడు, విశాఖపట్నంలో ఫ్లాటు కొనుక్కోవడానికి. బేరానికి మా తమ్ముణ్ణి తోడు తీసుకెళ్ళాను. వాడు విశాఖపట్నంలో ఒక కంపెనీలో పనిచేస్తాడు. ధర ఎంతని అడిగింది నేను. వ్యాపారి జవాబు చెప్పింది మా తమ్ముడికి. "ఇరవయ్యారు బాబూ, ఆఖరు మాట" అన్నాడు వాడి వైపు తిరిగి. డబ్బు నాది, ఉండబోయేది నేను. అయినా ఆ గంటసేపూ ఆయన చూపు నా మీద పడలేదు.

ఇరవై ఆరు లక్షలకు ఒప్పుకున్నాం. బయానాగా రెండు లక్షలకు చెక్కు ఇచ్చాను. స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాశారు. మూడు నెలల్లో నేను మిగతా డబ్బు తెచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే ఆ రెండు లక్షలు పోతాయని అందులో ఉంది. ఆయన రాసివ్వకపోతే ఏమవుతుందో లేదు. ఎందుకు లేదని దస్తావేజు రాసే ఆయన్ని అడిగాను. అదే మొదటిసారి.

"అందరికీ ఇలాగే రాస్తామమ్మా. మీకు అర్థం కాదులెండి."

రిజిస్ట్రేషన్ ఖర్చులు కొన్నవాళ్ళే పెట్టుకోవాలని మాత్రం వెంటనే అర్థమయ్యేలా చెప్పాడు. ఎంతవుతుందంటే, "అంతా కలిపి లక్షా పదివేలు లోపే అయిపోద్ది" అన్నాడు. దేనికెంతో కాగితం మీద రాసిమ్మన్నాను. ఆయన పెన్ను మూత పెట్టేశాడు.

నేను ఊరుకునే రకం కాదు. మర్నాడు రిజిస్ట్రారు ఆఫీసులో కౌంటరు దగ్గరికి వెళ్ళి అడిగాను. అక్కడున్న గుమాస్తా విసుక్కోకుండా చెప్పాడు. నూటికి ఐదు స్టాంపు సుంకం, ఒకటిన్నర బదిలీ సుంకం, ఒకటి రిజిస్ట్రేషన్ ఫీజు. మొత్తం ఏడున్నర. దేని మీద అని అడిగాను. "గవర్నమెంటు ఆ స్థలానికి కట్టిన విలువ ఒకటుంటాదమ్మా. మీరు కాయితంలో రాసుకున్న ధర ఒకటుంటాది. రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద" అన్నాడు.

బయట బల్ల మీద కూర్చుని లెక్క కట్టాను. ఇరవై ఆరు లక్షలకు ఏడున్నర చొప్పున లక్షా తొంభై అయిదు వేలు. మళ్ళీ కట్టాను. అంతే వచ్చింది. ఖర్చులకని నేను విడిగా ఉంచుకున్నది లక్షన్నర. ఆ కాగితం పట్టుకుని ఎదురుగా ఉన్న దస్తావేజు గదిలోకి వెళ్ళాను.

"లక్షా పదివేలన్నారు. ఇదేటి?"

ఆయన నా లెక్క చూసి నవ్వలేదు, నిట్టూర్చాడు. "ఇరవయ్యారుకి ఎవరు రాత్తారమ్మా? ఆ సందులో గవర్నమెంటు వేల్యూ పన్నెండు లక్షలు. పన్నెండుకే రాత్తాం. తొంభై వేలు చలానా, నా ఫీజు, అవీ ఇవీ. అయిపోయింది. మిగతా పద్నాలుగు లక్షలూ మీరు కేష్ ఇచ్చేత్తారు."

"ఎక్కడ ఇవ్వాలి?"

"ఆయన ఇంటి దగ్గర. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్న తొమ్మిదింటికి. లెక్కెట్టుకుని ఆఫీసుకి వచ్చేత్తాడు. పదకొండున్నరకి మన స్లాటు. డబ్బు ఇంట్లో, సంతకం ఆఫీసులో. ఎప్పట్నుంచో ఇదే పద్ధతి. వచ్చేటప్పుడు అగ్రిమెంటు తెచ్చీండి, చింపేద్దాం. అందులో ఇరవయ్యారని ఉంది కదా."

"తొమ్మిదికి డబ్బు తీసుకుని ఆయన పదకొండున్నరకి రాకపోతే?"

"మీకు అర్థం కాదులెండి!" అన్నాడు. అది రెండోసారి.

నాకు అర్థమైంది. అర్థమైంది కాబట్టే ఆ రోజు నుంచి తిండి సహించలేదు. తొమ్మిదికీ పదకొండున్నరకీ మధ్య నా దగ్గర డబ్బుండదు, ఇల్లుండదు, రసీదుండదు. ఆయన గుమ్మంలో నిలబడి, ఏ డబ్బు, ఎవరి డబ్బు అంటే నేను ఏ కాగితం చూపించాలి? పద్నాలుగు లక్షలంటే ఎన్నేళ్ళ నైట్ డ్యూటీలవుతాయో నాకు తెలుసు. ఆస్పత్రిలో ఆపరేషనుకు ముందు రోగులు నా చెయ్యి పట్టుకుని "ఏటవదు కదా నర్సమ్మా" అని అడిగేవారు. ఏమవదు అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. వాళ్ళ అరచేతులు ఎందుకంత చల్లగా ఉండేవో ఇప్పుడు తెలిసింది.

తమ్ముడికి ఫోను చేశాను.

"అక్కా, నీకు అన్నిటికీ భయవే. మా కాలనీలో అందరూ అలాగే కొన్నారు. నానూ అలాగే కొన్నాను."

"నీకు భయం వెయ్యలేదేటి?"

"అడగకు ఇప్పుడు" అన్నాడు.

ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని తమ్ముడు మరచిపోయాడు. నేను మరచిపోలేదు. మాది చీడికాడ దగ్గర పల్లె. నాన్న కొండ కింద కొంచెం భూమి కొన్నప్పుడు అసలు ధరలో మూడో వంతుకే కాగితం రాయించాడు. స్టాంపు ఖర్చు మిగిలిందని సంబరపడి, ఆ డబ్బుతో మాకు జీళ్ళు కొనుక్కొచ్చాడు. ఊళ్ళో అందరూ అలాగే రాయించుకునేవారు. కొన్నేళ్ళకు రోడ్డు కోసం గవర్నమెంటు ఆ భూమి తీసుకుంది. పరిహారం ఇంత తక్కువేమిటని నాన్న అడిగితే, మా ఊరివాళ్ళ కాగితాలే వరసగా పరిచి, మీ ఊళ్ళో భూమి ధర ఇదే కదా అన్నారు. నాన్న సంతకాన్నే నాన్నకు చూపించారు. ఆయన ఇంటికొచ్చి చొక్కా విప్పకుండా అరుగు మీద కూర్చున్నాడు. ఎవరితోనూ దెబ్బలాడలేకపోయాడు, ఎందుకంటే ఎదుటివాడి చేతిలో ఉన్నది తన అబద్ధమే. ఆ జీళ్ళు నేనూ తిన్నాను.

గడువుకు నాలుగు రోజులుండగా నగదు తీయడానికి బ్యాంకుకు వెళ్ళాను. అప్పటికి పద్ధతి ప్రకారమే ఇద్దామని మనసు సరిపెట్టుకున్నాను, అది ఒప్పుకుంటున్నాను. అంత మొత్తం ఎందుకని అక్కడి అమ్మాయి అడిగింది. నాకు కూతురుంటే ఆ వయసే ఉండేది. ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను గానీ నోరు రాలేదు. "ఇల్లు కొంటున్నాను" అన్నాను.

"అయితే డీడీ తీసుకోండాంటీ. ఇంత కేష్ ఎందుకు? డీడీ అయితే ఎవరికిచ్చారో మా దగ్గర రాసి ఉంటుంది."

నాకు కావలసిందదే. ఫారం వెనక్కి తీసుకున్నాను. ఇరవై నాలుగు లక్షలకూ ఒకే డీడీ రాయించాను, బెల్లం వ్యాపారి పేరు మీద. ధైర్యం వచ్చి చేసిన పని కాదది. రెండు భయాల్లో ఏది తక్కువో దాని వైపు వెళ్ళాను, అంతే.

బ్యాంకు నుంచి నేరుగా కంసాలి దగ్గరికి వెళ్ళి, మొదటి జీతాలు కూడబెట్టి చేయించుకున్న రెండు గాజులూ అమ్మాను. ఖర్చుల లోటు పూడింది. అక్కణ్ణుంచి దస్తావేజు గదికి వెళ్ళి, కాగితంలో ఇరవై ఆరు లక్షలే రాయమన్నాను. ఆయన కంప్యూటరు మీంచి తల తిప్పలేదు.

"ఆయన సంతకం ఎట్టడు. ఆయనకి టాక్సు పడద్ది. మీకు అర్థం కాదులెండి."

ఇది మూడోసారి.

"మీరు రాయండి. చలానా కూడా ఇరవయ్యారుకే కట్టండి, ఇప్పుడే. నా ఎదర."

"ఆయన రాకపోతే ఆ చలానా డబ్బు వెనక్కి తెచ్చుకోడానికి నెలలు తిరగాలి. ఆలోచించుకోండి."

ఆలోచించుకుంటే మనసు మారిపోతుందని నాకు తెలుసు. కట్టించాను. లక్షా తొంభై అయిదు వేలు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాను. రెండు లక్షలు వ్యాపారి దగ్గర ఉన్నాయి, దాదాపు రెండు లక్షలు చలానాలో ఉన్నాయి, గాజులు కంసాలి దగ్గర ఉన్నాయి. ఇల్లు మాత్రం ఇంకా ఆయనదే.

మర్నాడే రిజిస్ట్రేషన్. పొద్దున్న తొమ్మిదింటికి వ్యాపారి ఇంటికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆయన హాల్లో నోట్లు లెక్కపెట్టే మిషను బల్ల మీద పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. కూర్చోమనలేదు. నేను డీడీ చూపించాను, చేతికివ్వలేదు.

"ఏటిది నర్సమ్మా?"

"డీడీ బాబూ. మొత్తం ఇరవై నాలుగూ."

"నోట్లేవీ?"

"లేవు."

"కేష్ అనుకున్నాం కదా. ఆ రాసేవోడు నీకు సెప్పలేదేటి?"

"చెప్పేడు. నేను ఒప్పుకున్నానని ఎవరు చెప్పేరు మీకు?"

ఆయన మిషను స్విచ్చి ఆపేశాడు. "ఊరంతా ఇలాగే సేత్తన్నారు. నువ్వు ఆదివారం ఎల్లే సర్చి పెద్ద మొన్న ఇల్లు కొన్నాడు, ఎల్లి అడుగు. నువ్వొక్కర్తివే సత్యానికి పుట్టేవేటి?"

"ఆయన సంగతి ఆయన దేవుడితో చెప్పుకుంటాడు. నేను సత్యం కోసం రాలేదు బాబూ. నాకు భయం."

"భయవా? ఎవుర్ని సూసి? నన్నా?"

"మిమ్మల్నే."

ఆయన భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వ్యాపారి ముఖం ఎర్రబడింది. "ముప్పయ్యేళ్ళ నుంచి బెల్లం యాపారం సేత్తన్నాను. దేవరాపల్లి కాణ్ణుంచి ఇక్కడిదాకా ఒక్క రైతు నన్ను దొంగనలేదు."

"దొంగని నేనూ అనలేదు. చేతిలో కాయితం లేకుండా పద్నాలుగు లక్షలిచ్చి రెండున్నర గంటలు బతకలేనంటన్నాను."

"అయితే ఫో! బేరం లేదు. ఆ రెండు లక్షలూ మర్సిపో."

అగ్రిమెంటు నా సంచీలో, చంక కింద ఉంది. దాన్ని చేత్తో తడుముకున్నాను. "గడువు ఇంకా మూడు రోజులుంది. మొత్తం డబ్బు పట్టుకుని మీ గుమ్మంలోకి వచ్చేను, మీ ఇంటావిడ చూసేరు. నేను సాయంత్రం దాకా ఆఫీసు దగ్గరే ఉంటాను. రేపూ ఉంటాను" అన్నాను. వీధిలోకి వచ్చి మలుపు తిరిగేదాకా నడిచాను. అక్కడ ఆగి, డీడీ సంచీలోనే ఉందో లేదో ఇంకోసారి చూసుకున్నాను.

ఆఫీసు దగ్గరికి తమ్ముడు మొదటి బస్సుకే వచ్చాడు, సాక్షి సంతకానికి. రెండో సాక్షి నాతో పనిచేసిన నర్సు. జరిగింది చెప్పేసరికి తమ్ముడు తల పట్టుకున్నాడు.

"సలానా కూడా కట్టేసేవా? ముందు ఆయన్ని ఒప్పించాలి గదే! పిచ్చేటి నీకు?"

"ముందు అడిగితే ఒప్పుకునేవాడేటి?"

"ఇప్పుడు ఒప్పుకున్నాడేటి?"

పదకొండున్నర అయింది. మా పేర్లు పిలిచారు. అమ్మేవారు రాలేదని చెప్పాను. మూసేలోగా వస్తే చూస్తామన్నారు. ఒంటిగంటకు నా నాడి నేనే పట్టుకుని చూసుకున్నాను. నూట పద్దెనిమిది. వార్డులో ఎవరికైనా అంత ఉంటే డాక్టరును పిలిచేదాన్ని. ఎదుటి గదిలోంచి దస్తావేజు ఆయన మధ్యమధ్య తొంగి చూస్తున్నాడు. తమ్ముడు పూరీ తెచ్చాడు, తినలేకపోయాను. నా రిటైర్మెంటు సభలో వాడు భోజనాలకు ముందే వెళ్ళిపోయాడు, అది గుర్తుంది. ఆ రోజు మాత్రం సెలవు పెట్టుకుని, ఒక్కసారి కూడా వెళ్ళిపోదామనకుండా ఆ బల్ల మీద నా పక్కనే కూర్చున్నాడు. అదీ గుర్తుంది.

రెండున్నరకు వాడు దస్తావేజు గదిలోకి వెళ్ళి టీ తాగి వచ్చాడు. "అక్కా, ఆయన వైజాగ్ ఫ్లాటుకి గడువు రేపేనంట. బిల్డరు పేర్న బేంకులో డబ్బు పడకపోతే ఈయన అడ్వాన్సు పోద్దంట. అయిదు లక్షలంట."

అప్పుడు నాకు ఆనందం కలగలేదు, నమ్మకమూ కలగలేదు. ఆయన వేరే ఎవరి దగ్గరైనా సర్దుకుంటాడేమో అని కొత్త భయం పట్టుకుంది. నాలుగింటికి పావు తక్కువగా మోటారు సైకిలు వచ్చి ఆగింది. వ్యాపారి దిగాడు. పొద్దుటి చొక్కాయే. చెమటకు వీపుకు అంటుకుపోయి ఉంది. తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. బేరం మొదలైన నాటి నుంచి నాతో సూటిగా మాట్లాడింది అప్పుడే.

"నీకో దండం నర్సమ్మా. పొద్దున్నుంచి నలుగురి గుమ్మాలెక్కేను. ఒక్కడివ్వలేదు. గుండె దడదడలాడతన్నాది. నా టాక్సు సగం నువ్వియ్యి, సంతకం ఎట్టెత్తాను."

"నా చలానా నేను కట్టుకున్నాను. మీ పన్ను మీరు కట్టుకోండి బాబూ."

"మొండి ముండవి" అన్నాడు. తమ్ముడు లేచాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ మాట ఆయన అన్నది నాలుగింటికి పది నిమిషాల ముందు, రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల దగ్గర. ఇద్దరు సాక్షులున్నారు.

లోపల ఫొటోలు తీశారు, వేలిముద్రలు తీసుకున్నారు. రిజిస్ట్రారు కాగితం తిరగేసి, ఇరవై ఆరు లక్షలన్న చోట ఒకసారి ఆగి, మా ఇద్దరి వైపూ చూశాడు. "పూర్తి సొమ్ము ముట్టిందా?" అని వ్యాపారిని అడిగాడు. వ్యాపారి నా వైపు చూశాడు. డీడీ బల్ల మీద పెట్టాను. పెట్టాను గానీ దాని మీంచి నా వేలు రాలేదు. సంతకం ముందా, డీడీ ముందా? వ్యాపారి లాగాడు. నేను నొక్కిపట్టాను.

"అమ్మా, వేలు తియ్యండి" అన్నాడు రిజిస్ట్రారు, మెల్లగా. "నా ఎదర కదా ఇస్తున్నారు."

తీశాను. వ్యాపారి "ముట్టింది" అన్నాడు, సంతకం పెట్టాడు.

బయటికొచ్చాక దస్తావేజు ఆయన చెయ్యి చాచాడు, అగ్రిమెంటు ఇస్తే చింపేస్తానని. ఎందుకు చింపడం, ఇప్పుడు రెండింట్లోనూ ఒకే అంకె ఉంది కదా అన్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయన ఫీజుకు రసీదు అడిగాను. ఇంకా ఇవ్వలేదు. ప్రతి నెలా ఒకసారి వెళ్ళి అడుగుతున్నాను.

ఇంట్లో దిగాక పక్కింటావిడ పలకరించడానికి వచ్చింది. "నీ కాయితం చూసి గవర్నమెంటోళ్ళు మా సందు రేటు పెంచేత్తారంట కదా నర్సమ్మా. మావేం పాపం చేసేం?" అంది. మా నాన్న భూమి సంగతి చెప్పాను. సగం విని, పొయ్యి మీద పాలున్నాయని వెళ్ళిపోయింది. అది ఉదయం పదకొండు గంటలకు. ఆ వేళ ఎవరి పొయ్యి మీద పాలుంటాయి?

భయం అంతటితో పోలేదు. ఇప్పటికీ వీధిలో మోటారు సైకిలు ఆగితే లేచి చూస్తాను, ఎవరైనా ఈ ఇల్లు నీది కాదంటూ వచ్చారేమోనని. అందుకే దస్తావేజునూ అగ్రిమెంటునూ ఒకే కవరులో పెట్టి, బీరువాలో పై అరలో ఉంచాను. ఎవరు వచ్చి అడిగినా చూపించడానికి సిద్ధంగా ఉన్నాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.